ఒక్క వైరు కూడా కత్తిరించకుండా

నాన్న కారుకి నిన్న కొత్త స్టీరియో నేనే బిగించాను. కంపెనీ వైరు ఒక్కటి కూడా కత్తిరించలేదు. ఆ సంతోషం ఇంకా తగ్గలేదు.

పాత కారులో తగిలిన దెబ్బ అలాంటిది. షాపు అబ్బాయి కంపెనీ కప్లర్‌ని, అంటే వైర్లన్నీ కలిసే ప్లాస్టిక్ ప్లగ్‌ని, కటింగ్ ప్లేయర్‌తో కత్తిరించి, వైర్లు మెలిపెట్టి నల్ల టేపు చుట్టేశాడు. రెండు ఎండాకాలాలకే టేపు జిగురు కరిగి ఊడింది. గతుకు వస్తే చాలు, పాట ఆగిపోయేది. కారు అమ్మేటప్పుడు పాత సెట్ తిరిగి పెడదామంటే కప్లరే లేదు.

ఈసారి మోడల్‌కి సరిపోయే అడాప్టర్ కప్లర్ తెచ్చుకున్నాను. ఒక వైపు కారు కప్లర్‌లో టక్కుమని కూర్చుంటుంది. రెండో వైపు వైర్లను ఇంట్లో టేబుల్ మీదే స్టీరియో వైర్లతో రంగుకు రంగు కలిపి, సోల్డరింగ్ చేసి, వేడి తగిలితే బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టం తొడిగాను. పసుపు ఎప్పుడూ ఉండే 12 వోల్టులు, ఎరుపు తాళం తిప్పితేనే వచ్చేది, నలుపు ఎర్త్. తెలుపు ముందు ఎడమ స్పీకర్‌ది, బూడిద రంగు ముందు కుడిది. నల్ల గీత ఉంటే అది నెగటివ్.

అయినా కారు ఆపగానే పెట్టుకున్న స్టేషన్లన్నీ చెరిగిపోయాయి. టెన్షన్ పడ్డాను. మల్టీమీటర్ పెట్టి చూస్తే ఈ కారు కప్లర్‌లో పసుపు, ఎరుపు తారుమారుగా ఉన్నాయి. అందుకే కారు ఆపగానే స్టేషన్లు గుర్తుంచుకునే కరెంటు కూడా పోతోంది. బ్యాటరీ నెగటివ్ తీసి, అడాప్టర్ వైపు ఆ రెండూ మార్చాను, అంతే.

సాయంత్రం నాన్న కారులోనే కూర్చుని వార్తలన్నీ విని గానీ లోపలికి రాలేదు.