గొడ్డు చాకిరీ చేసే మూలుగ: పాప తలసేమియాతో నా అనుభవం

తొమ్మిదో నెలలో మా పాప హిమోగ్లోబిన్ 5.4 అని రిపోర్టు వచ్చింది. పుట్టినప్పుడు బొద్దుగా ఉన్న పిల్ల, ఆరో నెల దాటాక పాలు తాగడానికే ఆయాసపడేది. పొట్ట మాత్రం ఎత్తుగా ఉండేది. ఖమ్మంలో మొదట చూపించిన చోట ఐరన్ టానిక్ రాశారు. దాంతో లాభం లేక ఒకసారి రక్తం కూడా ఎక్కించి, హైదరాబాద్ వెళ్లమన్నారు.

అక్కడి డాక్టర్ మేడమ్ కాగితాలన్నీ తిరగేసి, "ఎక్కించకముందే హెచ్‌పీఎల్‌సీ చేయించి ఉంటే బాగుండేది" అన్నారు. రక్తంలో ఏ రకం హిమోగ్లోబిన్ ఎంతుందో చెప్పే పరీక్ష అది. వేరేవాళ్ల రక్తం కలిసిపోయాక పాప సొంత హిమోగ్లోబిన్ ఏ రకమో తేల్చడం కష్టమట. అందుకని ముందు మా ఇద్దరికీ చేయించారు. హెచ్‌బీ ఏ2 అనే ఒక రకం హిమోగ్లోబిన్ 3.5 శాతం దాటితే సాధారణంగా బీటా తలసేమియా క్యారియర్, అంటే జబ్బు లేకుండా ఒక దెబ్బతిన్న జన్యువు మోస్తున్న మనిషి అనుకోవాలి. నాది 5.2, మా ఆయనది 4.9. నా ఎర్ర కణాలు లెక్కకి ఎక్కువే ఉన్నాయి, సైజే చిన్నది. నేను కడుపుతో ఉన్నప్పటి రిపోర్టులోనూ కణాలు చిన్నవనే ఉంది, రక్తం తక్కువని మాత్రలిచ్చి వదిలేశారు. "మీ పుట్టింటి వైపు నుంచి వచ్చిందేమో" అంటున్న మా అత్తమ్మ ఈ రిపోర్టులు చూశాక ఆ మాట ఎత్తలేదు.

జబ్బు పేరు తెలిసింది కానీ ఒక్కటి నాకు బుర్రకెక్కలేదు. రక్తం తయారయ్యేది మూలుగలో కదా, మరి పాప మూలుగ పనిచెయ్యట్లేదా? మేడమ్ పాప నుదుటి మీద వేలు పెట్టి చూపించారు. "ఇక్కడ కాస్త ఉబ్బింది చూశారా? లోపల మూలుగ పెరిగిపోతోంది, పని ఎక్కువై." అంత పని చేస్తుంటే రక్తం ఏదీ మరి?

జవాబు చీటీ వెనక గీసి చూపించారు. నాలుగు సున్నాలు, అంటే నాలుగు ప్రోటీన్ ముక్కలు: రెండు ఆల్ఫా, రెండు బీటా. ఇది పెద్దవాళ్ల హిమోగ్లోబిన్. కడుపులో ఉన్న బిడ్డకి బీటా బదులు గామా ఉంటుంది, పాప పుట్టినప్పుడు బాగుండటానికి కారణం అదే. పుట్టాక గామా తగ్గుతూ బీటా అందుకోవాలి. పాపకి మా ఇద్దరి నుంచీ దెబ్బతిన్న బీటా జన్యువులే వచ్చాయి. ఆల్ఫా మాత్రం ఎప్పటిలాగే తయారవుతుంది. జత దొరకని ఆల్ఫా ముద్దకట్టి, ఇంకా ఎదగని ఎర్ర కణాన్ని మూలుగలోనే చంపేస్తుంది. మామూలు కణమైతే మూలుగలోనే తన కేంద్రకాన్ని వదిలించుకుని, రక్తంలోకొచ్చి 120 రోజులు బతుకుతుంది. పాపవి చాలావరకు బయటికి రాకుండానే పోతున్నాయి. వచ్చినవాటినీ ప్లీహం ఏరేస్తోంది. ఆ పనితో ప్లీహం వాచింది, పొట్ట ఎత్తు అందుకే.

దీనికి తోడు కిడ్నీలు. ఆక్సిజన్ చాలడం లేదని పసిగట్టి ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్ వదిలేవి అవే. కణాలు ఎందుకు చస్తున్నాయో వాటికేం తెలుసు, ఇంకా చెయ్యి, ఇంకా చెయ్యి అని మూలుగని తరుముతూనే ఉంటాయి. ఇటుకలు పగిలిపోతున్న బట్టీకి ఇంకో నాలుగు లారీల మట్టి తోలినట్టు.

ఇక రక్తం ఎక్కించడం. మా వాళ్లందరికీ ఒకటే టెన్షన్: ఎక్కించినకొద్దీ ఒళ్లు అలవాటుపడి, సొంతంగా చేసుకోవడం మానేస్తుందని. అదే అడిగితే మేడమ్ నవ్వి, "మానెయ్యాలనే ఎక్కిస్తున్నాం" అన్నారు. హిమోగ్లోబిన్ పైన ఉంటే కిడ్నీలు ఊరుకుంటాయి, మూలుగ నెమ్మదిస్తుంది, ఎముకలు ఉబ్బవు, పిల్ల ఎదుగుతుంది. అందుకే 6కో 7కో పడిపోయేదాకా ఆగకూడదు. ఎక్కించబోయే ముందు కూడా 9.5కి తగ్గకుండా చూసుకోమన్నారు. ఈ ఒక్క మాటతో నాకు మొత్తం అర్థమైంది. ఇంత ముఖ్యమైన సంగతి ముందే ఎవరూ ఎందుకు చెప్పరో!

ఐరన్ సంగతి ఇంకా విడ్డూరం. హడావిడిలో ఉన్న మూలుగ పంపే సంకేతం వల్ల పేగులు తిండిలోంచి కావాల్సిన దానికన్నా ఎక్కువ ఐరన్ లాగేస్తాయి. పైగా ఒక్కో రక్తం సంచిలో 200 మిల్లీగ్రాములకి పైగా ఉంటుంది. పెద్దవాళ్ల ఒంట్లోంచే రోజుకి బయటికి పోయేది 1, 2 మిల్లీగ్రాములు. మిగిలింది కాలేయంలో, గుండెలో పేరుకుంటుంది. టానిక్ ఆ రోజే ఆపేశాం. రెండేళ్లు నిండాక, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతో చెప్పే ఫెరిటిన్ 1000 దాటేసరికి, ఆ ఐరన్‌ని బయటికి పంపే డెఫెరాసిరాక్స్ అనే మందు మొదలుపెట్టారు. పొద్దున్నే పరగడుపున నీళ్లలో కలిపి పట్టాలి. గ్లాసు అడుగున సుద్దలా మిగులుతుంది, ఇంకొంచెం నీళ్లు పోసి తిప్పి అదీ తాగించాలి, లేకపోతే డోసులో కొంత సింకు పాలే. తాగాక అరగంట ఏమీ పెట్టకూడదు. ఆ అరగంట మా ఇంట్లో రోజూ యుద్ధమే. చుట్టాలు బెల్లం, బీట్‌రూట్, మునగాకు అంటూనే ఉంటారు. ఊ కొట్టి ఊరుకుంటాను.

ఇప్పుడు రెండో బిడ్డ గురించి ఆలోచిస్తున్నాం. ప్రతి కాన్పులోనూ పాపకున్నలాంటి తీవ్రమైన రకం, అంటే తలసేమియా మేజర్ వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మూడో నెలలో మాయలోంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తారు. పుట్టే బిడ్డ హెచ్‌ఎల్‌ఏ (మూలుగ మార్పిడికి సరిపోలాల్సిన కణాల గుర్తులు) పాపతో కలిసే అవకాశమూ నాలుగింట ఒకటే. కలిస్తే మూలుగ మార్పిడికి దారి ఉంటుంది. వీటన్నిటికన్నా ముందు మా జన్యువుల్లో ఉన్న మార్పు కచ్చితంగా ఏదో తెలియాలట. ఆ పరీక్షకి ఇద్దరం రక్తం ఇచ్చి వచ్చాం, రిపోర్టు ఇంకా రావాలి.