నాన్న గోనెపట్టా, నా పిస్టల్

మా నాన్న ఆయిల్ ఇంజన్లు బాగుచేసేవారు. నరసరావుపేట చుట్టుపక్కల పల్లెల్లో ఎవరి బావి దగ్గర ఇంజన్ మొరాయించినా సైకిల్ మీద వెళ్లేవారు. నేల మీద గోనెపట్టా పరిచి, విప్పిన ప్రతి సామానూ విప్పిన వరసలోనే ఎడమ నుంచి కుడికి పెట్టుకుంటూ పోయేవారు. బిగించేటప్పుడు కుడి నుంచి వెనక్కి. సెలవుల్లో నేను పక్కన కూర్చుని స్పానర్ నంబరు చదివి అందించేవాడిని. డల్లాస్‌లో మా గరాజ్ బల్ల మీద పాత తువ్వాలు పరిచి మొదటిసారి పిస్టల్ విప్పినప్పుడు నా చెయ్యి దానంతటదే ఎడమ నుంచి పేర్చడం మొదలుపెట్టింది.

హెచ్‌1బి మీద ఉన్నంతకాలం ఇక్కడ తుపాకీ కొనడానికి చట్టం మామూలుగా ఒప్పుకోదు. గ్రీన్‌కార్డ్ వచ్చిన ఏడాదికి 1911 మోడల్ పిస్టల్ తీసుకున్నాను, .45 క్యాలిబర్‌ది, అంటే తూటా వెడల్పు దాదాపు 0.45 అంగుళం. జాన్ బ్రౌనింగ్ డిజైన్ అది. అమెరికన్ ఆర్మీ 1911లో తీసుకుని, 1985లో వేరేది వచ్చేదాకా అదే వాడింది. అంతా ఉక్కు, పిడికి రెండు వైపులా చెక్క. ఏ ముక్క దేన్ని నెడుతుందో, ఏది దేన్ని ఆపుతుందో కంటితో చూసి తెలుసుకోవచ్చు. నేను దాన్ని ఎంచుకున్నది అందుకే. ఏడేళ్ల పాప తిరిగే ఇంట్లో, లోపల ఏముందో తెలియని వస్తువు తాళం వేసి పెట్టుకోవాలంటే నాకు చాలా టెన్షన్‌గా ఉండేది.

పిస్టల్‌తో వచ్చిన మాన్యువల్ ఒకటి, పాత పుస్తకాల షాపులో దొరికిన తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్‌ల లావుపాటి పుస్తకం ఒకటి. రెండోదాంట్లో ఎవరో పెన్సిల్‌తో రాసుకున్న గుర్తులు, నూనె వేలిముద్రలు ఉన్నాయి. నెల రోజులు చదవడమే చేశాను. ముక్కల పేర్లు కాగితం మీద బొమ్మ గీసుకుని మరీ నేర్చుకున్నాను.

తూటాలు గరాజ్‌లోకి రావు. అవి లోపలి గదిలో వేరే పెట్టెలో, వేరే తాళం కింద ఉంటాయి. తూటాలు పెట్టే మ్యాగజైన్ తీసేసి, పిస్టల్ పైన జారే భాగం స్లయిడ్‌ని వెనక్కి లాగి ఆపి, తూటా కూర్చునే చాంబర్‌లోకి చూసి, చిటికెన వేలు పెట్టి తడిమి, మళ్లీ చూస్తాను. తర్వాత మా ఆవిడ వచ్చి తనూ చూసి "ఖాళీ" అనాలి. ఆ మాట పడ్డాకే పని మొదలు. ఆ నియమం తనే పెట్టింది. తను ఇంట్లో లేని రోజు నేను పిస్టల్ విప్పను.

పుస్తకం "ప్లగ్ నొక్కి బుషింగ్ తిప్పండి" అని ఒక్క వాక్యంలో తేల్చేసింది. ప్లగ్ అంటే గొట్టం కింద ఉండే స్ప్రింగ్‌కి మూత, బుషింగ్ అంటే గొట్టం మూతి చుట్టూ ఉండే కట్టు. ఆ ప్లగ్ వెనక 16 పౌండ్ల స్ప్రింగ్ బిగుసుకుని ఉంది. బుషింగ్ పావు వంతు తిరగగానే నా బొటనవేలు జారింది. ప్లగ్ ఎగిరి గరాజ్ తలుపు రేకుకి ఠంగున తగిలి మాయమైపోయింది. కళ్లద్దాలు పెట్టుకోమని పుస్తకం చెప్పింది కాబట్టి పెట్టుకున్నాను, లేకపోతే ఏమయ్యేదో. నలభై నిమిషాలు వెతికితే సోనా మసూరి బియ్యం బస్తా వెనక దొరికింది. ఇప్పుడు గొట్టం మూతి నా ముఖానికి దూరంగా పెట్టుకుని, ప్లగ్ మీద గుడ్డ కప్పి, అరచేత్తో అదిమి మెల్లగా వదులుతాను.

నాకు ఇప్పటికీ బాధగా ఉన్నది పిస్టల్ మీద నేను పెట్టిన ఒక గీత గురించి. బిగించేటప్పుడు స్లయిడ్ స్టాప్ అనే చిన్న మీట పిన్నును బ్యారెల్, అంటే గొట్టం, కింద వేలాడే లింక్ అనే చిన్న ముక్క రంధ్రంలోంచి పోనివ్వాలి. మీట వెనక కొస దగ్గర స్ప్రింగ్ మీద ఆడే బుడిపె ఒకటి అడ్డొస్తుంది. దాన్ని దాటించాలని మీటను కింద నుంచి పైకి తోశాను. దాని కొస పిస్టల్ కింది భాగం ఫ్రేమ్ మీద నెలవంకలాగా సన్నగా గీసుకుంటూ పోయింది. నల్లటి ఉక్కు మీద వెండి వెంట్రుక పరిచినట్టు ఉంటుంది. 1911 విప్పేవాళ్లలో చాలామంది తుపాకుల మీద ఈ గీతే, ఇదే చోట ఉంటుందట. చేయాల్సిందల్లా ఇంతే: ఫ్రేమ్ మీద అక్కడ టేప్ అంటించి, మీటను దాదాపు దాని చోటులోనే ఉంచి, బుడిపెను పలచటి ప్లాస్టిక్ కార్డుతో లోపలికి నొక్కి, మీటను తిన్నగా లోపలికి నెట్టడం. బలం అక్కర్లేదు. బలం పెట్టాల్సి వస్తోందంటే ఏదో తప్పుగా కూర్చుందన్నమాట. నాన్న పిస్టన్ దించేటప్పుడు సరిగ్గా ఈ మాటే అనేవారు.

పనిముట్లలో నేను అందరికీ ముందు చెప్పేది స్క్రూడ్రైవర్ల గురించి. ఇంట్లో ఉండే మామూలు స్క్రూడ్రైవర్ మొన పైకి వెళ్లేకొద్దీ లావవుతుంది. స్క్రూ గాడిలో అది పై అంచునే పట్టుకుంటుంది, జారితే గాడి చెడుతుంది. గన్‌స్మిత్‌లు వాడేవాటి మొన రెండు వైపులా సమానంగా ఉండి, గాడి అడుగుదాకా నిండుగా కూర్చుంటుంది. పిడి చెక్కలు విప్పడానికి మాత్రమే వాడినా సరే, డబ్బు పెట్టాల్సింది దానికే.

శుభ్రం చేయడం కష్టం కాదు, ఓపిక కావాలి. బ్యారెల్‌ను విడిగా తీసి, తూటా కూర్చునే వైపు నుంచి కంచు బ్రష్ పెట్టి అవతలి కొసదాకా పూర్తిగా తోయాలి, మధ్యలో వెనక్కి తిప్పకూడదు. తర్వాత మసి కరిగించే సాల్వెంట్‌లో తడిపిన గుడ్డముక్కలు. మొదటిది కాటుకలాగా వస్తుంది, తర్వాత బూడిద రంగు, రాగి ఉంటే అంచుల్లో నీలం ఆకుపచ్చ. తెల్లగా వచ్చేదాకా తోస్తూ ఉండాలి. చివరికి బ్యారెల్‌ను లైటు వైపు పెట్టి చూస్తే మెలి తిరిగిన గాడులు మెరుస్తూ కనిపిస్తాయి. స్లయిడ్ జారే పట్టాల మీద ఒక్కో చుక్క నూనె చాలు. ఎక్కువైతే మసి, దుమ్ము పేరుకుంటాయి. టెక్సస్‌లో దుమ్ముకి కొదవ లేదు.

ఆ నల్లటి మసిలో సీసం ఉంటుంది. అందుకే చేతులకి గ్లవ్స్, గరాజ్ తలుపు బార్లా తెరిచి, బల్ల మీద కాఫీ కప్పు లేకుండా. పని అయ్యాక సబ్బుతో, చల్లటి నీళ్లతో చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని అప్పుడే పాపని ఎత్తుకుంటాను.

పేల్చే భాగాలైన హ్యామర్, దాన్ని ఆపి పట్టుకునే సియర్, ట్రిగ్గర్ వైపు నేను వెళ్లను. పుస్తకంలో బొమ్మలన్నీ ఉన్నాయి, నాకు అర్థమయ్యాయి కూడా. కానీ ఆ అంచుల మీద ఒక్క ఆకురాయి గీత తేడా వచ్చినా పిస్టల్ తనంతట తానే పేలే ప్రమాదం ఉంది. అది అనుభవం ఉన్న గన్‌స్మిత్ చేతి పని.

మొన్న దసరాకి ఫోన్ చేసినప్పుడు నాన్నకి ఇదంతా చెప్పాను. తుపాకీ అనగానే కోప్పడతారేమో అనుకున్నా. కాసేపు విని, "ఆ స్ప్రింగ్‌ని ఎన్నాళ్లకి మారుస్తార్రా?" అన్నారు. రెండు మూడు వేల రౌండ్లు కాల్చాక మార్చమంటారు నాన్నా అన్నాను. "లెక్క సరే. కొత్తది తెచ్చి పక్కన పెట్టి చూడు. పాతది పొట్టిగా ఉంటే అలసిపోయినట్టే. వాల్వ్ స్ప్రింగులు నేనట్లాగే చూసేవాణ్ణి" అన్నారు.

కొత్త స్ప్రింగ్ తెప్పించి, తువ్వాలు మీద రెండూ పక్కపక్కన నిలబెట్టాను. పాతది పావు అంగుళం పైగా పొట్టిగా ఉంది. ఫొటో తీసి నాన్నకి పంపి, ఆ రాత్రే కొత్తది వేశాను.