కాణిపాకంలో ప్రమాణం చేస్తావా స్వామీ?

చిత్తూరు వైపు ఎవరి మాటైనా నమ్మబుద్ధి కాకపోతే ‘కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?’ అంటాం. కోనేట్లో మునిగి, తడిబట్టలతో వరసిద్ధి వినాయకుడి ఎదుట అబద్ధం చెప్పాలంటే ఎంత మొండివాడైనా జంకుతాడు.

ఆ స్వామి వెలిసిన కథ కూడా జబ్బు నయమైన కథే. ముగ్గురు అన్నదమ్ములు. ఒకరికి చూపు లేదు, ఒకరికి మాట రాదు, ఒకరికి వినపడదు. ఎండిన బావిని లోతు చేస్తుంటే పార రాయికి తగిలి నెత్తురు ఉబికింది. ఆ నెత్తురు నీళ్లు తాకగానే ముగ్గురి లోపాలూ పోయాయి. జనం కొట్టిన కొబ్బరికాయల నీళ్లు కాణి (పాతకాలపు భూమి కొలత) నేల మేర పారాయని స్థలపురాణం. చిన్నప్పటి నుంచి వింటున్న ఈ కథలో ఆలస్యంగా గమనించాను: ఆ ముగ్గురినీ ఎవరూ దక్షిణ అడగలేదు. వాళ్లు మొక్కు కూడా మొక్కలేదు, నీళ్ల కోసం బావి తవ్వుకున్నారంతే.

గుడి పక్కనే బాహుదా నది. అన్న తోటలో అడక్కుండా పండు కోసిన లిఖితుడనే ముని రాజు ముందు తప్పు ఒప్పుకుని, చేతులు నరికించుకుని, ఈ నదిలో మునిగితే చేతులు తిరిగి వచ్చాయంటారు. ఒక్క పండుకు అంత శిక్ష!

మా అత్తకు షుగర్. పోయినేడాది కాలి పుండు మానకపోతే ఎవరో చెప్పారని ఒక స్వామి దగ్గరికి వెళ్లింది. బయట కూర్చున్నప్పుడు ఒకమ్మాయి పక్కన చేరి ఊరు, పిల్లలు, కష్టం అన్నీ అడిగిందట. లోపలికి వెళ్తే స్వామి అవే చెప్పాడు. అత్త కళ్లనీళ్లు పెట్టుకుంది. మొదటిరోజు విభూతి ఊరికే ఇచ్చాడు. తర్వాత తాయత్తుకు ఐదు వేలు, శాంతిహోమానికి పాతిక వేలు. ‘సూది వేసుకుంటే మంత్రం పారదు’ అన్నాడు. పుండు నల్లబడితే ‘నీకు నమ్మకం చాల్లేదమ్మా’ అన్నాడు. డబ్బు కన్నా ఆ మాటే నన్ను కాల్చేస్తుంది. మోసం తను చేసి, పాపం ఆమె నెత్తిన పెట్టాడు. ఆస్పత్రిలో రెండు వేళ్లు తీసేశారు. కాలు దక్కింది.

తిరుమల దేవస్థానమే తిరుపతిలో స్విమ్స్, బర్డ్ ఆస్పత్రులు పెట్టింది. దేవుడి పేరు చెప్పి మందులు మానమనేవాడు ఏ దేవుడి తరఫున మాట్లాడుతున్నట్టు? తాయత్తులతో షుగర్ తగ్గిస్తామని ప్రకటించుకోవడం మందులు, మాయ చికిత్సల ప్రకటనలపై వచ్చిన 1954 చట్టం ప్రకారం నేరం కూడా. కానీ పరువు పోతుందని అత్త కంప్లైంట్ ఇవ్వనంది.

మామ మాత్రం ఆయనకు ఫోన్ చేశాడు. ‘డబ్బు తిరిగివ్వొద్దు స్వామీ. న్యాయంగానే తీసుకున్నానని కాణిపాకంలో మునిగి చెప్పు, చాలు.’ సోమవారం వస్తానన్నాడు. పొద్దున్నించీ కోనేటి దగ్గర ఎదురుచూశాం. మధ్యాహ్నానికి ఫోన్ స్విచాఫ్. అత్త ఏమీ అనలేదు. సంచిలోంచి ఇన్సులిన్ తీసి పొడుచుకుని, ‘పదండి, అన్నదానానికి వరస పెరుగుతోంది’ అంటూ లేచింది.