నా చీలమండలో విరిగిన స్క్రూ

మెట్లు దిగుతుంటే కాలు మడతపడింది. లేవబోతే నిలవలేదు. చీలమండ లోపలివైపు ఎముక విరిగింది, ఆపరేషన్ తప్పదన్నారు. లోహపు స్క్రూలైతే తర్వాత తీయించుకోవాల్సి రావచ్చు, ఒంట్లోనే మెల్లగా కరిగిపోయేవి కూడా ఉన్నాయన్నారు. ఇంకో కోత తప్పుతుందనగానే వాటికే ఒప్పుకున్నాను.

మర్నాడు డాక్టరుగారు దాచకుండా చెప్పారు. బిగిస్తుంటే ఒక స్క్రూ తల దగ్గర పుటుక్కున విరిగిందట. లోహం కాదు కాబట్టి, లోపల మిగిలిన ముక్కలోంచే డ్రిల్ చేసి కొత్తది వేశారట. అడిగితే ఆ తలను చిన్న డబ్బాలో పెట్టి ఇచ్చారు. దంతం రంగులో, చొక్కా గుండీలో సగం కూడా లేదు. విరిగినచోట సుద్దముక్కలా గరుకుగా ఉంది, కాస్తయినా సాగిన గుర్తు లేదు. భయం వేసింది. లోపలున్నది కూడా ఇలాగే విరిగితే?

ఆరు వారాలు కాలు నేలకు ఆన్చకూడదు. ఆ టెన్షన్‌లోనే దీని గురించి చదవడం మొదలుపెట్టాను. పాలీలాక్టిక్ యాసిడ్ అనే, ఒంట్లో కరిగే ప్లాస్టిక్ లాంటి పాలిమర్‌లో హైడ్రాక్సీఅపటైట్ పొడి కలిపి ఇలాంటివి చేస్తారు. మన ఎముకలోని ఖనిజం కూడా దాదాపు అదే. పొడి పెంచితే బిగువు, అంటే వంగకుండా నిలిచే గుణం, పెరుగుతుంది, పెళుసుదనమూ పెరుగుతుంది. పొడికీ పాలిమర్‌కీ మధ్య పట్టు సరిగా లేకపోతే పగులు అక్కడే మొదలవుతుంది.

ఎముక బరువులోనూ దాదాపు మూడింట రెండు వంతులు ఖనిజమే. అయినా సుద్దలా విరగదు. పగులు బయలుదేరితే ఎముకలోని కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులు రెండు అంచులనూ పట్టుకుని లాగుతాయి, దాని దారి మళ్లిస్తాయి. నాకు ఇది చదివాకే అసలు విషయం అర్థమైంది. కావాల్సింది గట్టిదనం ఒక్కటే కాదు, పగులును ఆపుకునే గుణం. అందుకే పొడి రేణువులకు పూత వేసి పట్టు పెంచుతున్నారు, పోగులు కలుపుతున్నారు, పాలీకాప్రోలాక్టోన్ అనే మెత్తటి పాలిమర్ చేరుస్తున్నారు. మెత్తదనం ఎక్కువైతే మళ్లీ బిగువు తగ్గుతుంది. బ్రిటన్ పరిశోధకుడు విలియం బాన్‌ఫీల్డ్ బృందం 1980లలో ఇదే పొడిని పాలిఎథిలిన్ ప్లాస్టిక్‌లో కలిపి చేసిన హాపెక్స్ అనే పదార్థాన్ని తర్వాత మధ్యచెవి ఇంప్లాంట్లలో వాడారు, అక్కడ బరువు తక్కువ. చీలమండ మీదైతే ఒంటి బరువంతా పడుతుంది.

ఏడో వారం వాకర్ పట్టుకుని కాలు ఆన్చాను. నొప్పి కంటే ఆ పుటుక్కుమనే శబ్దం కోసమే చెవులు రిక్కించాను. రాలేదు. ఎక్స్‌రేలో స్క్రూ మసక నీడలా ఉంది, చుట్టూ ఎముక అతుక్కుంటోంది. పూర్తిగా కరగడానికి ఏళ్లు పడుతుందట. ఇప్పుడు రెయిలింగ్ పట్టుకుని మెట్లు దిగుతున్నాను.