తప్పు దిద్దడం పెద్దలకు కూడా నేర్పాల్సి వచ్చింది: కడప సంఘంలో నా అనుభవం

మా చర్చి సంఘంలో సండే స్కూలు బాధ్యత నాది. మే నెలలో సెలవుల బైబిలు బడి జరుగుతుండగా చిన్నపిల్లల తరగతి టీచరు, కంఠత వాక్యం చెప్పలేకపోయిన ఒక పాపను అందరి ముందు నిలబెట్టి, "మీ ఇంట్లో బైబిలు తెరిచేవాళ్లే లేరా?" అని అడిగింది. మరుసటి రోజు ఆ పాప రాలేదు. తండ్రి ఆటో నడుపుతాడు, ఆరాధనకు రావడం ఈ మధ్యే మొదలుపెట్టాడు. ఆయన కమిటీకి ఫిర్యాదు చేశాడు. చేయాల్సిందే.

మత్తయి 18వ అధ్యాయం 15 నుంచి 17 వచనాల్లో వరుస స్పష్టంగా ఉంది. ముందు ఒంటరిగా చెప్పాలి, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లాలి, అప్పటికీ వినకపోతేనే సంఘానికి తెలపాలి. ఆ సాయంత్రమే టీచరు ఇంటికి వెళ్లాను. "తప్పే అక్కా, పాపను క్షమించమని అడుగుతాను" అంది. మొదటి మెట్టులోనే పని అయిపోయింది.

కమిటీలోనే అసలు కష్టం ఎదురైంది. నేను వెళ్లేసరికే విషయం సంఘం వాట్సాప్ గ్రూపులోకి ఎక్కింది. "మీరు ఆమె తరఫు మనిషి" అని నన్ను బయట వరండాలో కూర్చోబెట్టారు. లోపల నా గురించే మాట్లాడుకోవడం కిటికీలోంచి వినిపిస్తూనే ఉంది. ఇన్నేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పిన దాన్ని, ఆ సంఘంలోనే పెరిగిన దాన్ని, పిలిచేదాకా అలా కూర్చున్నాను. ఆ అవమానం ఇప్పటికీ మండుతూనే ఉంది.

లోపలికి పిలిచాక కోశాధికారి గారు, కడపలో లండన్ మిషన్ పని 1822లో మొదలైందని, అంత పాత సాక్ష్యం ఉన్న ఊళ్లో క్రమశిక్షణ సడలకూడదని చాలాసేపు చెప్పారు. వచ్చే ఆదివారం కానుకల తర్వాత టీచరును నిలబెట్టి గద్దించాలన్నారు. తప్పు చేసినవారిని అందరి ఎదుట గద్దించమని పౌలు చెప్పాడంటూ మొదటి తిమోతి 5:20 చదివారు. దానికి ముందున్న 19వ వచనం కూడా చదవమన్నాను. అక్కడ మాట సంఘ పెద్దల గురించి, అదీ ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉంటేనే. ఆయన చదవలేదు. నేనే చదివాను, కంఠం వణకకుండా.

"పేతురును పౌలు అందరి ముందే నిలదీశాడు కదా" అన్నారు మరొకరు. నిజమే, అంతియొకయలో జరిగింది. పేతురు అన్యజనులతో, అంటే యూదులు కాని విశ్వాసులతో, భోజనం మానేసినది అందరూ చూస్తుండగానే, బర్నబా సైతం ఆ దారిన కొట్టుకుపోయాడు. నొప్పి ఎంతమంది మధ్య కలిగిందో, సరిదిద్దడం అంతమంది మధ్య జరగాలి. టీచరు ఆ మాట అన్నది తరగతిలో, కాబట్టి క్షమాపణ తరగతిలోనే చెప్పాలన్నాను. నేను ఆమెను వెనకేసుకు రాలేదు. కొన్ని వారాలు తరగతి మరొకరికి అప్పగించాలని, పాప ఇంటికి ఆమె స్వయంగా వెళ్లాలని ముందుగా అడిగింది నేనే.

ఆ తర్వాత ఒక ప్రశ్న వేశాను. రంగులు, అట్టలు సొంత డబ్బుతో కొని పిల్లలకు పాఠం చెబుతున్న ఆమె తరగతికి మీలో ఎవరైనా ఎప్పుడైనా వచ్చి బాగుందని అన్నారా? ఎవరూ మాట్లాడలేదు. కొరింథీయుల కలహాల మీద అంత గట్టిగా రాసిన పౌలు, వారికి రాసిన మొదటి పత్రిక, అంటే ఉత్తరం, ఆరంభంలో వారిని బట్టి దేవునికి కృతజ్ఞతలు చెప్పాడు. మెచ్చుకోవడానికి నోరు రాని పెద్దలకు గద్దించే హక్కు ఎలా వస్తుంది? అప్పటిదాకా మౌనంగా ఉన్న మా పాస్టరు అయ్యగారు, పౌలు గలతీయులకు రాసిన పత్రికలో ఆ కృతజ్ఞత లేదని గుర్తు చేశారు. మంచి మాటే. అక్కడ ప్రమాదంలో పడింది సువార్తే. ఇక్కడ తప్పు ఒప్పుకున్న ఒక టీచరు ఉంది. అదే చెప్పాను. చివరికి అయ్యగారు ఒప్పుకున్నారు, ఆదివారం ప్రకటన ఆగిపోయింది.

మిగతాదంతా సాఫీగా జరిగింది. టీచరు తరగతిలో క్షమాపణ అడిగింది. తర్వాత ఇద్దరం పాప ఇంటికి వెళ్లాం. తండ్రి మొదట ముభావంగా ఉన్నా, పాప మాత్రం టీచరు పక్కనే వచ్చి కూర్చుంది. ఇప్పుడు వస్తోంది.

ఇలాంటి బాధ్యత మీ మీద పడితే, ముందు గ్రూపులోని మెసేజీలు తీసేయించండి. తప్పు చేసిన వ్యక్తి లేకుండా కమిటీని తీర్పు చెప్పనివ్వకండి. నిర్ణయాన్ని మినిట్స్ పుస్తకంలో అక్కడికక్కడే రాయించండి, తర్వాత ఎవరికీ సరిగా గుర్తుండదు. మా పుస్తకంలో కోశాధికారి గారి సంతకం ఇంకా పడలేదు. వచ్చే సమావేశంలో అందరి ముందే అడుగుతాను, ఎందుకంటే ఆయన పెడతానన్నది అందరి ముందే.