సోలాపూర్ నుంచి జేవూర్ దాకా, మంజుళే సినిమాల వెంట

హైదరాబాద్ నుంచి సోలాపూర్‌కి రోడ్డు మీద మూడొందల కిలోమీటర్లు. జహీరాబాద్ దాటగానే కర్ణాటక వస్తుంది. హుమ్నాబాద్ మీదుగా కాసేపు కన్నడ బోర్డులు, ఉమర్గా దగ్గర్నుంచి మరాఠీ బోర్డులు. నళ్‌దుర్గ్ కోట దాటి సోలాపూర్‌లో దిగి, ఊరి తూర్పు పేటల్లోకి ఆటోలో వెళ్తే మళ్ళీ తెలుగు చెవిన పడుతుంది. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ వైపు నుంచి తరాల కిందట మగ్గాలు పట్టుకుని వచ్చిన పద్మశాలీల పేటలవి. దుప్పట్లు, టవల్స్ నేసే పవర్‌లూమ్‌ల చప్పుడు వీధి మొదట్లోనే వినిపిస్తుంది. మా మేనమామ ఇల్లు అక్కడే. కింద మగ్గాల షెడ్డు, పైన కాపురం.

నేను వెళ్ళింది చుట్టపుచూపుకే అయినా, మనసులో ఇంకో పని ఉంది. మరాఠీ సినిమా దర్శకుడు నాగరాజ్ మంజుళేది ఈ జిల్లాయే. కర్మాళా తాలూకాలోని జేవూర్‌లో 1977లో పుట్టాడు. ఆయన సినిమాలు చూసిన ప్రతిసారీ ఆ నేల ఎలా ఉంటుందో ఒకసారి కళ్ళారా చూడాలనిపించేది. ఆ నల్లరేగడి, ఆ తుమ్మచెట్లు, నీళ్ళ పక్క ఊళ్ళు సినిమా కోసం ఏరి తెచ్చినట్టు ఉండవు. అక్కడే పెరిగినవాడు చూపిస్తున్నట్టు ఉంటాయి.

ఈ విషయం చెప్పగానే మామ ముఖం వెలిగిపోయింది. "సైరాట్ మేమందరం కలిసి చూసినం. పాట వస్తే జనమంతా కుర్చీల మీదికెల్లి లేచి ఎగిరిన్రు," అన్నాడు. మంజుళే తీసిన ప్రేమకథ అది. అత్తమ్మ బీడీలు చుడుతూ వింటోంది. చాటలో కత్తిరించిన తునికాకులు, పక్కన తంబాకు, దారపు ఉండ. రేకు ముక్క ఆకు మీద పెట్టి కత్తెరతో గీసినట్టు కోస్తుంది, చిటికెడు తంబాకు పరుస్తుంది, రెండు వేళ్ళతో చుట్టి చివర మడిచి దారం బిగిస్తుంది. చేతుల వంక చూడనే చూడదు. ఈ పేటల్లో మగవాళ్ళది మగ్గం పని, ఆడవాళ్ళది బీడీల పని. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి.

మంజుళే వడార్ కులంలో పుట్టాడు. మన వడ్డెరలే. రాళ్ళు కొట్టడం, బావులు తవ్వడం, కట్టలు వేయడం పనిగా దక్కనంతా తిరిగినవాళ్ళు. మహారాష్ట్రలో స్థిరపడిన వడార్లు ఇళ్ళల్లో మాట్లాడుకునే భాషకు మూలం తెలుగే. ఈ సంగతి మన సినిమా పేజీల్లో ఎందుకు రాయరో నాకు అర్థం కాదు. సైరాట్ వంద కోట్ల వసూళ్ళ గురించి కాలమ్‌లకు కాలమ్‌లు వచ్చాయి. మన భాషను మోసుకుపోయిన రాతిపని వాళ్ళ ఇంటి నుంచి ఇంత పెద్ద దర్శకుడు వచ్చాడన్న మాట మాత్రం పెద్దగా ఎక్కడా కనపడలేదు.

సోలాపూర్‌లో 'సెట్లమెంట్' అని ఇప్పటికీ పిలిచే ప్రాంతం ఉంది. మనకు స్టువర్టుపురం ఎలాగో, వీళ్ళకు అది అలాగ. 1871లో బ్రిటిష్ వాళ్ళు తెచ్చిన నేరస్థ జాతుల చట్టం కింద, పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసిన కులాల వాళ్ళను తెచ్చి అక్కడ పెట్టారు. హాజరు వేయించుకోవాలి, అనుమతి లేకుండా గడప దాటకూడదు. ఊళ్ళో బట్టల మిల్లులకు కూలీలు కావాలి కాబట్టి ఆ అవసరమూ తీరింది. ఆ చట్టం 1952లో రద్దయింది. అలాంటి కులాలు మహారాష్ట్రలో ఇప్పుడు విముక్త జాతుల జాబితాలో ఉన్నాయి. వడార్లు, కైకాడీలు, పార్ధీలు అందులోనివాళ్ళే. మామ నన్ను స్కూటర్ మీద అటు తిప్పుకొచ్చాడు. మామూలు ఇళ్ళు, కిరాణా కొట్లు, బడికి పోయే పిల్లలు. చెప్పకపోతే ఆ చరిత్ర తెలియదు. కానీ మంజుళే సినిమా ఫాండ్రీలో జబ్యా అనే బడి పిల్లవాడి కుటుంబం కైకాడీలని గుర్తుకొచ్చాక, ఊరి చివర వాళ్ళ ఇల్లు ఎందుకుంటుందో, ఊళ్ళో పంది దూరితే పట్టడానికి వాళ్ళనే ఎందుకు పిలుస్తారో ఆ వీధుల్లో నాకు ఇంకోలా అర్థమైంది.

మర్నాడు పొద్దున్నే పుణె వైపు వెళ్ళే ప్యాసింజర్ ఎక్కాను. మోహోళ్, మాఢా, కుర్డువాడి. కుర్డువాడిలో పండరిపురం వెళ్ళే వాళ్ళంతా దిగిపోయి రైలు ఖాళీ అయింది. ఆ తర్వాత కేమ్. కుంకుమ తయారీకి పేరున్న ఊరు. ఫాండ్రీలో జబ్యాగా చేసిన సోమనాథ్ అవఘడేది ఈ ఊరే. హల్గీ వాయిస్తుంటే మంజుళే కళ్ళల్లో పడ్డాడు. హల్గీ అంటే మన డప్పు లాంటిదే. అంతకుముందు కెమెరా ముఖం చూడని ఆ పిల్లవాడికి ఉత్తమ బాలనటుడిగా జాతీయ అవార్డు వచ్చింది. సైరాట్ కథానాయిక రింకూ రాజ్‌గురుది ఇదే జిల్లాలోని అక్లూజ్, అప్పటికి బడి పిల్ల. కథానాయకుడు ఆకాశ్ ఠోసర్ కుస్తీలు పట్టే కుర్రాడు. పట్నంలో ఆడిషన్లు పెట్టి పల్లెటూరి యాస నేర్పించే పద్ధతి మంజుళే పెట్టుకోలేదు. యాస ఉన్నచోటికే కెమెరా తెచ్చాడు. ఆ నటుల నడకలో, తిట్లలో, సిగ్గులో ఉన్న నిజం ఏ వర్క్‌షాప్‌లోనూ దొరకదని నాకు గట్టి నమ్మకం.

జేవూర్ చిన్న స్టేషన్. బయట రెండు టీ బండ్లు, చెరకు ట్రాక్టర్లు, జీపులు. మంజుళే పేరెత్తగానే టీ బండి ఆయన "ఆమ్‌చా నాగరాజ్" అన్నాడు, మా నాగరాజే అన్నట్టు. ఇంటి దారి చూపిస్తానని కూడా అన్నాడు. నేను వద్దన్నాను. ఇంట్లోకి తొంగిచూడ్డానికి నేను రాలేదు. ఊరంతా కాసేపు నడిచాను. ఇక్కడే పెరిగి, పుణెలో మరాఠీ ఎంఏ చేసి, కవిత్వం రాసి, తర్వాత అహ్మద్‌నగర్ కాలేజీలో కమ్యూనికేషన్ స్టడీస్ చదివాడు. అక్కడ విద్యార్థిగా తీసిన పొట్టి సినిమా పిస్తుల్యా. బడికెళ్ళాలని ఆశపడే పేదపిల్లవాడి కథ. దానికే దర్శకుడి తొలి చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. పూర్తి నిడివి సినిమా ఫాండ్రీ 2013లో తయారైంది. దానికీ తొలి చిత్ర దర్శకుడికి అప్పట్లో ఇందిరాగాంధీ పేరిట ఇచ్చిన జాతీయ అవార్డు. తర్వాత 2017లో వాన మీద తీసిన పొట్టి సినిమాకు ఉత్తమ దర్శకుడు. 2022లో అమితాబ్ బచ్చన్‌తో ఝుండ్, నాగపూర్ బస్తీ పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిన ఒక మాస్టారి కథ.

జేవూర్ నుంచి కర్మాళా వెళ్ళే దారిలో జీపు ఆగినచోట, రోడ్డు పక్క చెట్టు కింద ఒకావిడ విసుర్రాళ్ళు చెక్కుతోంది. పక్కన వరసగా రోళ్ళు, పొత్రాలు అమ్మకానికి పెట్టారు. ఉలి ఏటవాలుగా పట్టి సుత్తెతో ఒక్కో దెబ్బే వేస్తూ రాయి మీద గంట్లు కొడుతోంది. నడుమ నుంచి అంచుకు వరసలు వరసలుగా, ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య ఎడం తప్పకుండా. దెబ్బకోసారి రాతిపొడి లేస్తుంటే కళ్ళు చిన్నవి చేసుకుంటోంది. ఎడమచేతి బొటనవేలి గోరు నల్లగా కమిలిపోయి ఉంది. మరాఠీలో ధర అడిగాను. ఆమె తన మనిషిని పిలిచి ఏదో అడిగింది. ఆ మాట చెవిన పడగానే తెలుగులోకి మారాను. ఆమె ఆశ్చర్యపోలేదు. "మీరు హైద్రాబాద్ దిక్కువాళ్ళా?" అన్న అర్థం వచ్చేలా తన భాషలో అడిగింది. సగం మాటలు నాకు పూర్తిగా తెలిసినవే, సగం మరాఠీలో నానినవి. మిక్సీలు వచ్చాక బేరాలు తగ్గాయని, జాతరలకు మాత్రం బాగానే పోతాయని చెప్పింది. చిన్న పొత్రం ఒకటి కొన్నాను. సినిమాల సంగతి ఎత్తలేదు. ఎండలో కూర్చుని పని చేసుకుంటున్న మనిషిని ఆ ప్రశ్నలు అడగబుద్ధి కాలేదు.

కర్మాళాలో కమలాభవాని గుడి నింబాల్కర్ల కాలం నాటిది. తుళ్జాభవానికి ఇది ఇంకో పీఠమని నమ్మకం. మహారాష్ట్రలో ఉన్నా గోపురాలు మన దక్షిణాది పద్ధతిలో ఉంటాయి. ముందు ఎత్తైన దీపమాలలు. దగ్గర్లోనే తొంభై ఆరు మెట్ల బావి. సైరాట్ చూసి వచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారని గుడి బయట కొబ్బరికాయల కొట్టు ఆయన చెప్పాడు. అక్కడి నుంచి ఉజనీ డ్యామ్ వెనక నీళ్ళవైపు వెళ్ళాను. భీమా నది మీద 1980లో పూర్తయిన డ్యామ్ అది. పాత ఊళ్ళు చాలా మునిగిపోయాయి. ఒడ్డంతా అరటితోటలు, చెరకు. చేపల వలలు ఆరేసి ఉన్నాయి. సైరాట్‌లో కథానాయకుడు పర్శ్యాది చేపలు పట్టే ఇల్లు, కథానాయిక ఆర్చీ తండ్రివి చెరకు తోటలు, రాజకీయం. డ్యామ్ నీళ్ళు ఎవరికి ఏమిచ్చాయో ఆ ఒడ్డున నిలబడితే కనిపిస్తుంది. ప్రేమకథ అని మనం చూసిన దాని అడుగున ఉన్న లెక్క ఇది. హిందీలో మళ్ళీ తీసినప్పుడు రాజస్థాన్‌కు మార్చారు, కోటలూ సరస్సులూ వచ్చాయి, ఈ లెక్క జారిపోయింది.

సైరాట్‌లో తెలుగువాళ్ళం తప్పక పట్టించుకోవలసింది రెండో సగం. ఇల్లు వదిలి పారిపోయిన జంట వచ్చి పడేది హైదరాబాద్‌లో. మనకు సొంతమైన ఊరు వాళ్ళకు దారీతెన్నూ తెలియని పరాయి చోటు. చుట్టూ వినిపించే మన భాష ఆర్చీకి భయం పుట్టిస్తుంది. ఊళ్ళో బుల్లెట్ నడిపి, ట్రాక్టర్ తోలి, అందరినీ దబాయించిన పిల్ల ఇక్కడ మురికివాడ గదిలో ముడుచుకుపోతుంది. దోసెల బండి నడిపే మరాఠీ ఆవిడ ఒకరు ఆదుకుంటుంది. బాట్లింగ్ ఫ్యాక్టరీలో పని దొరికాక పక్కనున్న అమ్మాయి దగ్గర తెలుగు నేర్చుకుంటుంది. వలసపోయినవాళ్ళ భాషా కష్టం ఇంత వివరంగా చూపించిన సినిమా మన తెలుగులోనే నేను చూడలేదు. ఆ సినిమాకు కెమెరా పట్టింది కూడా తెలుగువాడే, సుధాకర్ రెడ్డి యక్కంటి. తర్వాత ఆయనే మరాఠీలో నాళ్ తీసి తొలి చిత్రానికి జాతీయ అవార్డు తెచ్చుకున్నాడు. అందులో తండ్రి పాత్ర మంజుళేది.

రాత్రి సోలాపూర్ తిరిగొచ్చేసరికి మగ్గాలు ఆగాయి. అత్తమ్మ సైరాట్ తప్ప ఇంకేదీ చూడలేదంది. నా ఫోన్‌ని టీవీకి కలిపి ఫాండ్రీ పెట్టాను. నా దృష్టిలో మంజుళే తీసినవాటిలో గొప్పది ఇదే. సైరాట్ పెద్దది, దీని లోతు వేరు. అత్తమ్మ చాట ఒళ్ళో పెట్టుకునే చూసింది. జబ్యా ఇంటిల్లిపాదీ పందిని తరుముతుంటే, బడిలో జనగణమన మొదలవుతుంది. అందరూ ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోతారు. పంది తన దారిన తాను పోతుంది.

"పంది ఉరుకుతుంటే నిలవడ్డరేందిరా వీళ్ళు?" అంది అత్తమ్మ.

"జనగణమన వస్తుంది కదనే," అన్నాడు మామ.

"బడిల పిల్లలు నవ్వవట్టిరి. వాళ్ళ నడుమ మళ్ళ పొయ్యి ఎట్ల కూసుంటడు ఆ పిలగాడు?"

పట్టిన పందిని కర్రకు కట్టి మోసుకుపోతుంటే వెనక గోడ మీద అంబేడ్కర్, సావిత్రీబాయి ఫూలే, గాడ్గే బాబా బొమ్మలు కనిపిస్తాయి. మామ వేలు పెట్టి ఒక్కొక్కరి పేరు చెప్పాడు. చివర్లో ఏడిపించేవాళ్ళ మీద రాళ్ళు విసురుతూ జబ్యా ఒక రాయి నేరుగా మన మీదికే విసురుతాడు. సినిమా అక్కడితో అయిపోతుంది.

"మంచిగ కొట్టిండు," అంది అత్తమ్మ.

మామ ఒప్పుకోలేదు. రాయి విసిరితే మర్నాడు ఆ ఇంటి మీద ఊరు ఊరంతా పడుతుందని, ఆ తండ్రి భయానికి అర్థం ఉందని వాదించాడు. ఇన్ని రోజులు భయపడి ఏం మిగిలిందని అత్తమ్మ అడిగింది. అన్నాలు తింటున్నంతసేపూ ఇద్దరూ అదే మాట్లాడుకున్నారు. పొద్దున నన్ను బస్టాండ్‌లో దింపేటప్పుడు కూడా మామ తన మాట మీదే ఉన్నాడు. అత్తమ్మ మాత్రం పిస్తుల్యా ఎక్కడ దొరుకుతుందో కనుక్కుని పంపమని ఫోన్ చేసింది.