డొప్ప కంటే ముందొచ్చిన కెరటం

మన బడి వెనక గోడ దాటితే రైవస్ కాలువ గట్టు. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే క్యారేజీ గిన్నెలు కడుక్కోవడానికి అందరం అక్కడికే పరిగెత్తేవాళ్ళం. ఇప్పుడు కంచె వేశారట, పిల్లలు నీళ్ళ దగ్గరికి వెళ్ళడానికి లేదట. మంచి పనే. కానీ నాకు చదువు అబ్బింది ఆ గట్టు మీదే. మన బడి సంచికకి ఏదైనా రాయమని అడగగానే ముందుగా గుర్తొచ్చింది కూడా ఆ కాలువే.

1984 ఆగస్టు. నేను తొమ్మిదో తరగతి. దిగువన నాట్లకి నీళ్ళు చాలడం లేదని, మర్నాడు పొద్దున కాలువకి నీళ్ళు పెంచుతారని లస్కరు, అంటే కాలువని కనిపెట్టుకుని ఉండే మనిషి, వచ్చి చెప్పాడు. పిల్లల్ని గట్టు దిగనివ్వద్దని హెచ్చరించడానికి వచ్చాడాయన. మన సైన్సు మాస్టారికి ఆ కబురు వినగానే ఇంకేదో తట్టింది. హెడ్మాస్టరు గారిని ఒప్పించి, మా సెక్షన్ మొత్తాన్ని ఏడింటికల్లా రమ్మన్నారు. ఎవరూ నీళ్ళలోకి దిగకూడదు, వంతెన మీదే నిలబడాలి అన్నది షరతు.

ఎగువ వంతెన మీద సగం మంది, అక్కడికి నాలుగు వందల మీటర్ల దిగువన ఉన్న వంతెన మీద మిగతా సగం. రెండు చోట్లా నీటిమట్టానికి బెత్తెడు పైన లస్కరే సున్నంతో గీత గీసి పెట్టాడు. పైన గీత మునగగానే మాస్టారు విజిల్ ఊది, అదే క్షణంలో బంతిపువ్వు పెట్టిన అరటి డొప్పని నీళ్ళలో వదిలారు. నేను కింది వంతెన మీద ఉన్నాను. ఆయన చేతి గడియారం నా చేతిలో ఉంది. (ఆ విజిల్ చప్పుడు మా దాకా రావడానికి సెకనుకి కొంచెం ఎక్కువే పట్టిందని తర్వాత మాతోనే లెక్క కట్టించారు.) నాలుగు నిమిషాలకి మా గీత మునిగింది. డొప్ప జాడ లేదు. ఎక్కడో గుర్రపుడెక్కలో చిక్కుకుని ఉంటుందనుకున్నాం. పదో నిమిషంలో పసుప్పచ్చగా పువ్వు కనిపించింది, తొందరేమీ లేనట్టు తేలుతూ వచ్చింది.

మాస్టారు సైకిల్ మీద మా దగ్గరికి వచ్చారు. "ఈ గీతని ముంచిన నీళ్ళు పై వంతెన దగ్గర నుంచి వచ్చినవేనా?" అని అడిగారు. అవునన్నాం. "మరి వాటితో పాటు బయల్దేరిన డొప్ప ఏదర్రా?"

ఎవరం నోరెత్తలేదు. మా గీతని ముంచిన నీళ్ళు మా వంతెనకి కాస్త ఎగువనే ఉన్న పాత నీళ్ళు. పైనుంచి వచ్చింది నెట్టుడు మాత్రమే. అది అర్థం కావడానికి నాకు ఆ రోజంతా పట్టింది. క్లాసులోకి వెళ్ళాక ఆయన బోర్డు మీద రెండు ప్రశ్నలు రాశారు. కదిలి వచ్చింది ఏది? వెనక ఉండిపోయింది ఏది? ఈ రెండింటికీ జవాబు చెప్పలేని చోట అల అనే మాట వాడొద్దన్నారు.

ఆ తర్వాతి వారమే రేడియో పాఠం. విజయవాడ కేంద్రం మీడియం వేవ్ 837 కిలోహెర్ట్జ్, అంటే సుమారు 358 మీటర్లు. రోజూ ఇంట్లో మోగే రేడియో వెనక ఉన్న ఈ రెండు అంకెల్నీ గుణించమన్నారు. సెకనుకి దాదాపు 30 కోట్ల మీటర్లు వచ్చింది. అది కాంతి వేగం! మా అమ్మకి చూపిస్తే, ఆవిడ భక్తిరంజని వింటూనే ఆ లెక్కని రెండుసార్లు సరిచూసింది.

నేను ఇంజనీరింగ్ చదివి, నదుల వరద లెక్కలు కట్టే పనిలో చేరాను. చేరిన మొదటి ఏడాదిలోనే, 1955లో ఇంగ్లండులో వచ్చిన ఒక పరిశోధన పేపర్ల జత నా చేతికి వచ్చింది. రాసినవాళ్ళు జేమ్స్ లైట్‌హిల్, జెరాల్డ్ విథమ్. మొదటి పేపరు పొడుగాటి నదుల్లో వరద ఎలా నడుస్తుందో చెబుతుంది. చదువుతుంటే నాకు బంతిపువ్వు కనిపించింది. వెడల్పాటి నదిలో వరద ముద్ద నడిచే వేగం నీటి వేగం కంటే ఎక్కువ, మామూలు లెక్కలో అయిదు బై మూడు, అంటే 1.67 రెట్లు. మట్టం పెరిగిన చోట నీరు జోరుగా పారుతుంది కాబట్టి, ఆ పెరుగుదల ముందున్న నీటిని నెట్టుకుంటూ పోతుంది. ఘాట్ల దగ్గర పడవ వాళ్ళు ఎప్పుడూ చెప్పేదీ ఇదే. ముందు మట్టం లేస్తుంది, ఎర్రనీళ్ళు వెనకాల వస్తాయి. ఎగువన నీళ్ళు రంగు మారాయన్న కబురుకీ, మన దగ్గర గీత మునగడానికీ మధ్య ఎంత వ్యవధి ఉంటుందో లెక్కగట్టేటప్పుడు ఈ తేడా తెలియకపోతే పొరపాటు ఖాయం. అదీ ప్రమాదం వైపు జరిగే పొరపాటు.

2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చిన రెండు రాత్రులూ నేను నిద్రపోలేదు. పైన పులిచింతల నుంచి వచ్చేది ఒకటి, దారిలో మున్నేరు కలిపేది ఇంకొకటి. ఆ రెండు ముద్దలూ ఒకే గంటలో కలుస్తాయా, వెనకా ముందూ వస్తాయా అన్న దాని మీదే మన ఊరి కరకట్టల బతుకు ఆధారపడి ఉంటుంది. అటు బుడమేరు నీళ్ళు సింగ్‌నగర్‌ని ముంచాయి. మన బ్యాచ్ వాళ్ళవే నాలుగు ఇళ్ళు అందులో ఉన్నాయి.

ఇక రెండో పేపరు. అదే ఇద్దరు, అదే సంవత్సరం, దాదాపు అవే సమీకరణాలు. విషయం మాత్రం రద్దీ రోడ్ల మీద కార్లు. నీళ్ళకి బదులు బండ్లు పెట్టారు. మొదట చదివినప్పుడు నాకు చిన్న అసూయ కూడా కలిగింది, మా నది లెక్కని రోడ్డు మీదికి ఎత్తుకెళ్ళారని. తర్వాత విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఆగినప్పుడల్లా గమనించడం మొదలుపెట్టాను. పచ్చ లైటు పడగానే ముందు బండి కదులుతుంది, తర్వాత దాని వెనకది, ఆ తర్వాత మూడోది. బండ్లన్నీ ముందుకే పోతాయి, కదలిక మాత్రం వెనక్కి ప్రయాణిస్తుంది. కాలువలో కెరటం డొప్పని దాటి ముందుకు పోయింది, ఇక్కడ బండికి ఎదురుగా వస్తోంది. 2008లో జపాన్‌లో సుగియామా బృందం 230 మీటర్ల గుండ్రటి దారి మీద 22 కార్లని ఒకే వేగంతో నడపమని చెప్పి చూసింది. దారిలో సిగ్నల్ లేదు, గుంట లేదు, మలుపు తేడా లేదు. అయినా కాసేపటికే ఒక చోట జామ్ పుట్టింది. అది గంటకి దాదాపు 20 కిలోమీటర్ల వేగంతో వెనక్కి నడిచింది. ఎవడో ముందు అడ్డం పెట్టాడని మనం హారన్ కొడతాం కదా, చాలాసార్లు ముందు ఎవరూ ఉండరు.

2019లో మన బ్యాచ్ కలిసినప్పుడు, గుంటూరులో గుండె డాక్టరుగా ఉన్న మా బెంచీ నేస్తం నాతో వాదనకి దిగింది. "నువ్వు నీళ్ళ అలల గురించి చెబుతున్నావు, మావి అలా ఉండవే" అంది. గుండె కండరంలో విద్యుత్ అల ఒక కణం నుంచి పక్క కణానికి అంటుకుంటూ పోతుంది. దాటిపోయిన చోట కణం కాసేపు అలసి ఉంటుంది, వెంటనే మళ్ళీ అంటుకోదు. చెరువులో రెండు రాళ్ళు వేస్తే ఆ వలయాలు ఒకదానిలోంచి ఒకటి దూసుకుపోతాయి. గుండెలో రెండు అలలు ఎదురైతే రెండూ ఆరిపోతాయి. నాకు పొలంలో వరి కొయ్యలు కాల్చడం గుర్తొచ్చింది. రెండు వైపుల నుంచి వచ్చిన మంటలు కలిసిన చోట కాలడానికి ఏమీ మిగలదు. "అదే!" అని తను బల్ల చరిచింది. ఆ అల ఎక్కడైనా తెగి, సుడి తిరగడం మొదలుపెడితే గుండె కొట్టుకోవడం మాని వణుకుతుందట. షాక్ ఇచ్చేది అన్ని కణాల్నీ ఒక్కసారిగా అలసట స్థితికి తెచ్చి ఆ సుడిని ఆర్పడానికి. అన్నీ అలలే కదా అని ఇన్నేళ్ళూ ఒకే గాటన కట్టిన నాకు, అల రకాన్ని బట్టి మనిషి బతుకు మారిపోతుందని ఆ రాత్రే తెలిసింది.

అదే బల్ల దగ్గర, తెలుగు లెక్చరర్ అయిన మా లీడరు ఇంకో సంగతి చెప్పాడు. నాకు అన్నిటికంటే నచ్చింది అదే. భాషలు చెట్టుకొమ్మల్లా విడిపోతాయని అందరూ అనుకుంటున్న రోజుల్లో, 1872లో యోహానెస్ ష్మిట్ అనే జర్మన్ పండితుడు, మార్పులు నీళ్ళలో వలయాల్లా పాకుతాయని వాదించాడట. మన దగ్గర ఉదాహరణలు కావాలంటే తమిళం పక్కన పెట్టి చూడాలి. వాళ్ళకి ఇరండు, మనకి రెండు. వాళ్ళకి ఉరల్, మనకి రోలు. వాళ్ళకి అవన్, మనకి వాడు. మాట మొదట ఉన్న అచ్చు, హల్లుని దాటి ఇవతలికి దూకింది. ఈ దూకుడు తెలుగులోనే కాదు, గోండి, కువి లాంటి మన చుట్టాల భాషల్లో కూడా ఉంది. అయితే అన్ని మాటల్లోనూ ఒక్కసారి జరగలేదు. ఒక మాట నుంచి ఇంకో మాటకి, ఒక భాష నుంచి పక్క భాషకి నెమ్మదిగా పాకిందని భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1978లో లెక్కలతో చూపించారు. నేను మాస్టారి ప్రశ్న వేశాను, కదిలి వచ్చింది ఏది అని. వాడు క్షణం ఆగలేదు. "పలికే అలవాటు. జనం ఊళ్ళు మారనక్కర్లేదు" అన్నాడు. ఆ జవాబు విని ఉంటే మాస్టారు పొంగిపోయేవారు.

రెండేళ్ళు తిరక్కుండానే కరోనాతో వేవ్ అనే మాట ప్రతి ఇంట్లోకీ వచ్చింది. మొదటి వేవ్, రెండో వేవ్. ఆ వంపులు గీసిన గ్రాఫుల్ని టీవీలో చూస్తుంటే అవి నాకు బ్యారేజీ దగ్గర వరద గ్రాఫుల్లా ఉండేవి. ఒకే చోట నిలబడి, ఎంత పెరిగింది, ఎప్పుడు తగ్గింది అని గీస్తే వచ్చే గీత అది. ఆ గీతకి లెక్క కట్టిన వాళ్ళలో ఒకరు మెకెండ్రిక్, ఇండియన్ మెడికల్ సర్వీసులో పనిచేసిన డాక్టరు. 1927లో ఆయనా కెర్మాక్ కలిసి రాసిన పేపర్లో సరిచూసుకున్నది 1905-06 బొంబాయి ప్లేగు మరణాలతోనే. కానీ అది సగం కథ. అంటు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నడవడం మిగతా సగం. ఇంగ్లండు, వేల్స్‌లలో తట్టు పెద్ద నగరాల్లో మొదలై చుట్టుపక్కల చిన్న ఊళ్ళకి అలలా వ్యాపించేదని 2001లో వచ్చిన పరిశోధన చూపించింది. ఒక్క ఊరి గీతనే చూస్తూ కూర్చుంటే ఆ నడక కనపడదు. ఎగువ వంతెన మీద కూడా ఒకరు ఉండాలి.

ఈ మాటని ఎక్కడ పడితే అక్కడ వాడడం మీద మాత్రం నాకు అభ్యంతరం ఉంది. 1920లలో కొంద్రాత్యేవ్ అనే రష్యన్ ఆర్థికవేత్త, ధరలూ పెట్టుబడులూ అర్ధ శతాబ్దానికోసారి లేచి పడతాయని, అవి పెద్ద అలలని అన్నాడు. ఊగడం ఉంటే ఉండొచ్చు, కానీ కదిలి ఎక్కడికి వెళ్ళింది అంటే నాకు జవాబు దొరకలేదు. ఇంగ్లీషు వాళ్ళు ఎండల్నీ ఎన్నికల్నీ కూడా అలలే అంటారు. మనం వడగాలులంటాం, ఫలానా వాళ్ళ గాలి వీచిందంటాం. ఈ రెండు చోట్లా మన మాటే నాకు బాగుంది. మేలో మన ఊళ్ళో మొహానికి కొట్టేది నిజంగా గాలే కదా.

మొన్న సంక్రాంతికి పటమటలో మాస్టారి ఇంటికి వెళ్ళాను. ఎనభై దాటారు, చూపు తగ్గింది, గొంతు మాత్రం అదే. "ఏమ్మా, నీ పుస్తకం లెక్క 1.67 అంటోంది. మనకి ఆ రోజు పదికి నాలుగు, రెండున్నర రెట్లు వచ్చింది. తప్పెక్కడ?" అని అడిగారు. నలభై ఏళ్ళుగా ఆ రెండు అంకెలూ ఆయనకి గుర్తున్నాయి! నాలుగు వందల మీటర్లు చాలా తక్కువ దూరమని చెప్పాను. గేటు ఎత్తగానే పల్చని అల ఒకటి, లోతుని బట్టి వచ్చే వేగంతో, అన్నిటికంటే ముందు పరిగెడుతుంది. బెత్తెడు ఎత్తు గీతని ముంచడంలో దానికీ వాటా ఉంది. దూరం పోయేకొద్దీ అది నీరసిస్తుంది, వెనక వచ్చే అసలు ముద్ద మిగులుతుంది. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. "అయితే పది కిలోమీటర్లు కావాలన్నమాట. నాలుగు వంతెనల మీద మనుషులు కావాలి" అన్నారు.

ఈ ఆగస్టులో నాట్ల వేళకి కాలువకి నీళ్ళు పెంచే తేదీ తెలియగానే మన బ్యాచ్ గ్రూపులో పెడతాను. వంతెనకి ఇద్దరు చొప్పున ఎనిమిది మంది కావాలి. మాస్టారు మొదటి వంతెన దగ్గర కుర్చీ వేయమన్నారు, విజిల్ ఆయనే ఊదుతారట. డొప్పలు, బంతిపూలు నేను తెస్తాను.